నలభై ఐదు నిమిషాల మేజోళ్ళు

రాజోలు శివార్లలోని ఒక ఐసు ఫ్యాక్టరీలో వీరబాబు పందొమ్మిదేళ్ళుగా నీటిని గడ్డకట్టిస్తున్నాడు. అక్కడి ఉప్పునీళ్ళ తొట్టి ఎప్పుడూ మైనస్ తొమ్మిది డిగ్రీల దగ్గర ఉంటుంది. అందులోకి దించిన ఇనుప డబ్బాల్లో మంచినీళ్ళు దిమ్మలవుతాయి. ఆ దిమ్మలను కొక్కెంతో లాగి పక్కనున్న ఐసు గదిలో పేర్చడం, వేటకు వెళ్ళే బోట్లవాళ్ళు వచ్చినప్పుడు తీసి ఇవ్వడం అతని పని. ఇంత మంచును చేసిన మనిషికి, ఎవరూ చేయని మంచును ఒక్కసారి చూడాలని ఉండేది. నలభై ఒక్క ఏళ్ళలో అతను పైకి చెప్పిన కోరిక అదొక్కటే. భార్య పాపాయమ్మకు చెబితే ఆమె నవ్వలేదు. యజమాని పోలిరాజుకు చెబితే ఆయన నవ్వాడు.

పోలిరాజుకు అప్పటికే హిమాలయాల నడక మీదికి మనసు పోయింది. మార్చి రెండో వారంలో ఎనిమిది రోజులు, ఎనభై నాలుగు కిలోమీటర్లు. రాత్రిళ్ళు మైనస్ పది దాకా పడిపోవచ్చని నిర్వాహకులు పంపిన కాగితంలో ఉంది. కోనసీమలో మహా చలి అంటే జనవరి తెల్లవారుజామున పదిహేడు డిగ్రీలు. తోడుగా బయలుదేరుతున్న నాగసతీష్‌కు కొత్తపేటలో సెల్‌ఫోన్ల షాపు ఉంది. అతను ఫిజిక్సుతో డిగ్రీ చదివాడు. ఉపాయం చెప్పింది అతనే.

"మన ఊళ్ళో చలి లేకపోతే ఏంటండీ? ఐసు గది ఉంది కదా! బట్టలన్నీ ఆన్‌లైన్లో తెప్పిద్దాం. గదిలో వేసి చూసి, పనికొచ్చినవి ఉంచుకుని మిగతావి తిప్పి పంపేద్దాం."

"బానే ఉంది. లోపలికెవరు వెళ్తారు? నాకసలే సైనస్సు."

ఇద్దరూ వీరబాబు వైపు చూశారు.

"ఒరేయ్ వీరబాబూ, నడకకి మూడు సీట్లు తీసుకున్నాం, మూడోది నీదేరా. సామాను మోద్దువు గాని. ముందు ఈ బట్టల సంగతేంటో చూసిపెట్టు," అన్నాడు పోలిరాజు.

"ఆయ్," అన్నాడు వీరబాబు.

ఫిబ్రవరిలో పదకొండు మధ్యాహ్నాలు అతను ఆ గదిలో నిలబడ్డాడు. లోపల మైనస్ ఆరు. బయట ముప్పై రెండు. తలుపుకు గడియ బయటి వైపే ఉంది. నాగసతీష్ స్టూలు మీద కూర్చుని ఫోన్లో సమయం చూస్తూ నోటుపుస్తకంలో రాసుకునేవాడు. కోట్లు, చేతితొడుగులు, ఒంటికి అంటుకునే బనీన్లు అయ్యాక మేజోళ్ళ వంతు వచ్చింది. ఉన్నివి మందంగా ఉన్నాయి. జత నూట పది గ్రాములు. నూలువి ముప్పై ఎనిమిది. ఒక్కొక్కరు మోసే సంచి తొమ్మిది కిలోలు దాటకూడదు కనుక పోలిరాజు మనసు పలచటి వాటి మీదే ఉంది. ఆ సంగతి వీరబాబుకూ తెలుసు.

పద్నాలుగో నిమిషంలో అతని ఎడమకాలి చివరి రెండు వేళ్ళూ తిమ్మిరెక్కాయి. ఇరవయ్యో నిమిషానికి అవి తనవి కానట్టు ఉన్నాయి. నలభై ఐదో నిమిషంలో తలుపు తెరుచుకుంది.

"ఎలా ఉన్నాయిరా? వెచ్చగా ఉన్నాయా?"

పెద్దవాళ్ళు ముచ్చటపడి కొన్న వస్తువును వాళ్ళ ముఖం మీదే బాగోలేదనడం వీరబాబుకు చేతకాదు. విందులో పులుసు ఉప్పు కషాయమైనా బాగుందండీ అనే లేచే మనుషుల్లో పెరిగాడు. పైగా, వణికినవాణ్ణి కొండకు తీసుకువెళ్ళరేమోనని భయం.

"ఆయ్, వెచ్చగానే ఉన్నాయండి."

'నూలు మేజోళ్ళు, నలభై ఐదు నిమిషాలు, వెచ్చన' అని నాగసతీష్ రాశాడు. ఉన్నివి తిరిగి వెళ్ళిపోయాయి.

మార్చి ఎనిమిదిన, ప్రయాణానికి మూడు రోజుల ముందు, సంచులు సర్దడానికి రమ్మని కబురొచ్చింది. పాపాయమ్మ వండిన జంతికల డబ్బా పట్టుకుని వీరబాబు వెళ్ళాడు. ఫ్యాక్టరీ ఆఫీసులో సంచులు మూడే ఉన్నాయి. మూడోదాని పక్కన పోలిరాజు బావమరిది బుల్లబ్బాయి కూర్చుని కొత్త బూట్లకు తాళ్ళు వేసుకుంటున్నాడు.

"మా బుల్లబ్బాయి వస్తానన్నాడురా. ఇంట్లోవాణ్ణి కాదనలేం కదా," అన్నాడు పోలిరాజు, జంతిక కొరుకుతూ. "అయినా నువ్వు రోజూ చూసే ఐసేగా! అక్కడికొచ్చి కొత్తగా చూసేదేంటి?"

వీరబాబు డబ్బాకు మూత పెట్టాడు. సీటు పోయాక అబద్ధంతో పని తీరిపోయింది. ఐసు గదిలోంచి బయటకు వస్తే ఎండ ఉంటుంది. కొండ మీద బయటకు రావడమంటూ ఉండదు. ఆ మాట చెప్పకుండా పంపడం పాపమనిపించింది.

"రాజుగారండీ, ఆ సాక్సులు వద్దండి. పద్నాలుగు నిమిషాలకే వేళ్ళు తిమ్మిరెక్కిపోయేయండి. ఆ రోజు మీతో చెప్పలేదు."

గదిలో నవ్వులు లేచాయి.

"సీటు పోయిందని ఎంత కుళ్ళో చూడండి బావగారూ!" అన్నాడు బుల్లబ్బాయి.

"అబద్ధం అప్పుడాడేవా, ఇప్పుడాడుతున్నావా?" పోలిరాజు కుర్చీలోంచి లేచాడు. "నడు. మళ్ళీ లోపలికి వెళ్ళు. తేలిపోద్ది."

నాగసతీష్‌కు అప్పుడు ఇంకో ఉపాయం తట్టింది. నడిచేవాడికి చెమట పడుతుంది, కాబట్టి మేజోళ్ళు తడిపి చూడాలి. ఐసు గది ముందుకు వచ్చాక, చేతికందిన మగ్గును పక్కనే ఉన్న తొట్టిలో ముంచాడు.

"అయ్యో, అవి ఉప్పునీళ్ళండి!" అన్నాడు వీరబాబు.

"చెమట మాత్రం తియ్యగా ఉంటుందేంటిరా?" అన్నాడు బుల్లబ్బాయి. నూలు మేజోళ్ళు వేసుకుని నిలబడ్డ వీరబాబు పాదాల మీద నీళ్ళు పడ్డాయి.

మామూలు నీరైతే సున్నా దగ్గరే గడ్డకడుతుంది. ఉప్పునీరు మైనస్ తొమ్మిదిలోనూ నీరుగానే ఉండి, వేళ్ళ సందుల్లోకి దిగి, ఒంట్లోని వేడిని లాగేస్తుంది. ఫిజిక్సు చదివినవాడికి ఇది గుర్తుకు రాలేదు. చదవని వీరబాబుకు తెలుసు. తెలిసే లోపలికి నడిచాడు. గడియ పడింది.

ఆరో నిమిషంలో నొప్పి మొదలైంది. పదో నిమిషంలో నొప్పి పోయింది. అప్పుడతనికి నిజంగా భయం వేసింది. తలుపు తట్టాడు. అవతల ఎవరో ఏదో అన్నారు, నవ్వారు. అరచేత్తో బాదాడు.

"రాజుగారండీ, వేళ్ళు లేవండీ! తలుపు తియ్యండీ!"

"నటన బాగా వచ్చురా నీకు," పోలిరాజు గొంతు మందపు తలుపులోంచి సన్నగా వినిపించింది. "నలభై ఐదని నువ్వే రాయించేవు. నలభై ఐదయ్యాకే తీస్తాం."

మాట ప్రకారం నలభై ఐదుకే తీశారు. అతను తనంత తానే నడిచి బయటకు వచ్చాడు. అది చూసి, మేజోళ్ళు పనికొస్తాయని తేల్చారు.

ఇంటికి వెళ్ళేసరికి ఎడమకాలి చివరి రెండు వేళ్ళూ మైనంలా తెల్లగా, గట్టిగా ఉన్నాయి. పాపాయమ్మ కంగారులో వాటిని పొయ్యి సెగకు పెట్టింది. స్పర్శ లేదు గనుక కాలుతున్నదీ తెలియలేదు. మర్నాటికి నల్లటి నెత్తురు బొబ్బలు లేచాయి. జంతికల డబ్బా ఇచ్చిపోదామని వచ్చిన నాగసతీష్ ఆ కాలును చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. డబ్బా అరుగు మీద పెట్టి వెళ్ళిపోయాడు.

అమలాపురంలోని డాక్టరు తన ఇరవై రెండేళ్ళ వృత్తిలో ఇలాంటి గాయం చూడలేదు.

"ఏ కొండకి వెళ్ళేరండీ?" అని అడిగాడు ఆసక్తిగా.

"వెళ్ళలేదండి," అన్నాడు వీరబాబు.

డాక్టరు నమ్మలేదు. కొండ పేరు మళ్ళీ అడిగాడు.

ఏప్రిల్ పదిహేడున ఆ రెండు వేళ్ళూ తీసేశారు. కాలికి రబ్బరు బూటు పట్టడం లేదని ఫ్యాక్టరీలో అతని పని ఇంకొకరికి ఇచ్చారు.

కొండకు వెళ్ళినవాళ్ళు అప్పటికే తిరిగి వచ్చారు. ఆ ఎనిమిది రాత్రుల్లో ఒకటి మైనస్ పన్నెండుకు దిగిందట. బయలుదేరే ముందురోజు నాగసతీష్ రాజమండ్రి వెళ్ళి మూడు జతల ఉన్ని మేజోళ్ళు కొనుక్కొచ్చాడు. నోటుపుస్తకంలో నలభై ఐదు కొట్టేసి పద్నాలుగు అని దిద్దాడు. ముగ్గురివీ కలిపి ముప్పై కాలివేళ్ళూ క్షేమంగా కోనసీమకు చేరాయి.