సమజ్ కాని జైపాలన్న

మా జైపాలన్నకు ఏదీ ఒక్కపారికి సమజ్ కాదు. చేవెళ్లల పుట్టి, మొయినాబాద్ దిక్కున్న మా కాలేజీల నాతోపాటే క్వాంటం కంప్యూటర్ల మీద పరిశోధన చేస్తడు గని, నోరు తెరిస్తే ఒక్కటే మాట. "సమజ్ కాలే. జర మళ్ల చెప్పుండ్రి."

ఒకపారి వాడకట్టు రాములమ్మవ్వను దవాఖానకు తోలుకపోయి, గోలీలు ఎప్పుడు మింగాలెనో డాక్టరుతోని నాలుగుపార్లు చెప్పించిండు. ఆఖరికి డాక్టరే తలకాయ పట్టుకొని ఒక గోలీ ఏసుకున్నడు. మా అక్క పెండ్లిల అయ్యగారిని ప్రతి మంత్రానికి అర్థం అడిగిండు. లగ్గమైతే అయింది గని మటన్ చల్లారింది.

గీయన మీద నాకు కుళ్లు. దాచుడెందుకు, మస్తు కుళ్లు.

మేము, జర్మనీ వాళ్లు కలిసి ఒక పేపర్ రాస్తున్నం. ప్రతి బేస్తారం వీడియో మీటింగు. క్వాంటం కంప్యూటర్ల సమాచారం దాచే చిన్న ముక్కను క్యూబిట్ అంటరు; దాన్ని నేరుగ చూస్తే అండ్ల ఉన్నది చెడిపోతది. మరి చూడకుండనే తప్పు ఎట్ల దొరకబట్టాలె? గదీ మా పని. నేను వారమంత చదివి, ఇస్త్రీ అంగీ తొడుక్కొని ముందట కూసుంట. జర్మనీ మేడం స్క్రీన్ మీదికి రాంగనే, "జైపాల్ ఏడి?" అంటది. మూడేండ్ల సంది నాతోని ఆమె అన్న మాట ఒక్కటే, "నీ మైకు బందున్నది."

ఈయన నిమ్మలంగ వచ్చి ఇంగ్లీషుల గూడ గదే మాట. "మేడం, సమజ్ కాలే. చూడకుండ తప్పెట్ల దొరుకుతది?"

మేడం నవ్వుకుంట చెప్తది. "క్యూబిట్‌ను 'నువ్వేంది' అని అడగం. పక్కపక్క రెండింటిని 'మీరిద్దరు ఒక్కతీరున్నరా' అని మాత్రమే అడుగుతం."

"మళ్లొకపారి, బొమ్మ గీసి."

ఆమె సంబురంగ గీస్తది. నేను కండ్లల్ల నిప్పులు పోసుకుంట.

పేపర్ అయిపోయింది. హైదరాబాద్ సదస్సుల దాని మీద ఒక్కరే మాట్లాడాలె. ఆ ఒక్కరు నేనే కావాలెనని నాకు ఒకటే ఆశ. మేడం మాత్రం జైపాల్ అన్నది.

"నాకే సమజ్ కాలే, మందికేం చెప్త?" అన్నడు అన్న. "తమ్ముణ్ణి పంపుండ్రి."

నేను అప్పుడే అంగీ ఇస్త్రీకి ఇచ్చిన. పీడ పోయిందనుకున్న.

సదస్సుల ఒక పెద్ద ప్రొఫెసర్ లేచి, "చూడకుండ తప్పెట్ల దొరుకుతదయ్యా?" అని నిలదీసిండు. నా నోట్లకెల్లి జవాబు గడగడ వచ్చింది, చెయ్యి దానంతటదే బొమ్మ గీసింది. అందరు చప్పట్లు కొట్టిండ్రు. అప్పుడు నాకు అనుమానమొచ్చింది. నేను చదివిన పుస్తకాలల్ల గా బొమ్మ ఏడ లేదు, అన్న అడిగితే మేడం గీసిన బొమ్మ గది.

వాపస్ వచ్చేటప్పుడు చేవెళ్ల బస్సుల అన్నను అడిగిన; నా మాట వినెతందుకు సదస్సుకొచ్చి నా పక్కనే కూసున్నడు. "నిజం చెప్పు, గది నీకు ఎన్నడు సమజ్ అయింది?"

"మేడంతోని కూసొని ఆ లెక్క చేసిందే నేను గదరా."

"మరి ప్రతి బేస్తారం ఎందుకడిగినవు?"

కిటికీల నుంచి బయటికి చూసిండు. "నువ్వు మస్తు తలకాయ ఊపుతుంటివి తమ్మీ. సమజ్ అయినోడు అంత ఊపడు. నువ్వేమో అడగవాయె."

సిగ్గయింది. నవ్వొచ్చింది. ఎన్కనే కుళ్లు గూడ వచ్చింది. ఇన్నొద్దులు ఈయన పేరు చూసి కుళ్లుకున్న, ఇగ మంచితనం చూసి గూడ కుళ్లుకోవాలె.