శుభలేఖల్లో కలిసిపోయిన ఒప్పందం

మొన్న మాచర్లలో మా కోడలు నడిపే నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్‌కు ఊరికే చూసొద్దామని వెళ్తే, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, గుంటూరు బిల్డరుకు పంపిన ఒప్పందం ఎక్కడిదాకా వెళ్లిందో కంప్యూటరులో చూపించింది. పంపినట్టు ఒక పచ్చ టిక్కు, అవతలివాళ్లు తెరిచినట్టు ఇంకో టిక్కు, ఇప్పుడు వాళ్ల అకౌంటెంటు చదువుతున్నట్టు పక్కనే అతని పేరు. ఇక మిగిలింది బిల్డరు సంతకమేనట. నాకు కాలు నిలవలేదు. మన వయసువాళ్లకైతే నా సంబరం వేరే చెప్పక్కర్లేదు, ఒక కాగితం మాచర్ల దాటి గుంటూరు చేరడమంటే ఏమిటో మనకు తెలుసు కదా.

ఆ రోజుల్లో టైపు హయ్యరు పాసై ఇంట్లో ఖాళీగా ఉన్న నన్ను, మా మేనమామ తన క్వారీ ఆఫీసులో టైపు మిషను ముందు కూర్చోబెట్టాడు. ఒప్పందాలు టైపు చేయడం నా పని, వాటి నాలుగు మూలలా పసుపు పెట్టడం మా అమ్మమ్మ పని. ఆవిడ చేయి పడందే మామయ్య సంతకం పెట్టేవాడు కాదు, ఆవిడ అంతటితో ఆగక కవరు మూలలకూ పూసేది. ఆ కవరును గుంటూరు బస్సు కండక్టరు చేతికిచ్చేవాళ్లం. దాని మీద పేరు రాసే అలవాటే లేదు, స్టాండులో ఫలానా మనిషి వచ్చి తీసుకుంటాడని నోటితో చెప్పడమే. ఆ తర్వాత దారిపొడుగునా తెలిసిన కొట్లకు ఫోన్లు చేసేదాన్ని. గురజాలలో ఎరువుల కొట్టు, సత్తెనపల్లిలో బస్టాండు ఎదుట బట్టల కొట్టు. బట్టల కొట్టాయన మాకు చుట్టమేమీ కాకపోయినా అందరం బాబాయి అనేవాళ్లం. బస్సు వచ్చిందా, పోయిందా అని అడిగితే, వాళ్లు దానితోపాటు మా ఇంట్లో ఏం కూరో కూడా కనుక్కునేవాళ్లు.

ఒకసారి గుంటూరులో కాలేజీ కట్టడానికి రాళ్ల ఆర్డరు వచ్చింది. అప్పటికి మా క్వారీ మూతపడి ఉంది, కూలీలు వలస పోవడానికి మూటలు కట్టుకుంటున్నారు. పొద్దుగూకేలోగా మా సంతకంతో కాగితం అందకపోతే పని వేరేవాళ్లకు ఇచ్చేస్తానని కాంట్రాక్టరు ఖండితంగా చెప్పాడు. కాగితం ఉదయం బస్సులో వెళ్లింది. గురజాల దాటింది, సత్తెనపల్లి దాటింది. తీరా గుంటూరు నుంచి ఫోను, బస్సు వచ్చింది గానీ కవరు రాలేదని. మామయ్య అలాగే గుమ్మంలో చతికిలబడ్డాడు. నాకు పై ప్రాణాలు పైనే పోయినంత పనైంది.

వెంటనే సత్తెనపల్లి బాబాయికి ఫోను చేసి, మా కవరు పొరపాటున అక్కడేమైనా దిగిందా అని అడిగాను.

“కవరేం లేదమ్మాయ్. మావాళ్ల శుభలేఖలొచ్చినయ్, అంతే.”

మా కవరు పసుపు మూలలు గుర్తొచ్చి, ఆ శుభలేఖల్లో ఒకటి లావుగా ఉందేమో చూడమన్నాను. ఉందన్నాడు, పెళ్లి ఘనంగా చేస్తున్నారు కాబోలు అనుకున్నాడట. విప్పిన చప్పుడు ఫోనులో నాకు వినిపించింది.

“ఇందులో పెళ్లికొడుకు పేరు లేదేందమ్మాయ్, అన్నీ రాళ్ల కొలతలే ఉన్నయ్.”

గురజాలలో ఎవరో బాబాయికి ఇమ్మని శుభలేఖల కట్ట ఇస్తే, పసుపు ఉన్నవన్నీ ఒక పెళ్లివేనని కండక్టరు కలిపి ఇచ్చేశాడన్నమాట. మామయ్య లేచొచ్చి ఫోను అందుకుని, తర్వాతి బస్సుకు ఎవరినైనా పంపమని బతిమాలబోతుంటే, బాబాయి అడ్డుకుని, ఎవరినో ఎందుకు, నేనే పోతానని కొట్టుకు తాళం వేసి బస్సెక్కాడు. ఆ సాయంత్రం ఆఫీసులో ఎవరూ నోట్లో మెతుకు పెట్టలేదు. ఫోను మోగగానే మామయ్యకంటే ముందు నేనే అందుకున్నాను.

“కాంట్రాక్టరు సంతకం పడిందమ్మాయ్. మీ మామయ్యకు చెప్పు, ఇంకేం భయంలేదు.”

నేను కేక పెడితే వీధిలో ఉన్న కూలీలంతా లోపలికి వచ్చారు. మూటలు విప్పుకోండని మామయ్య వాళ్లకు చెప్పాడు. అమ్మమ్మ మాత్రం, చూశారా, నా పసుపే కాపాడిందని తేల్చేసింది. పోగొట్టిందీ అదేనని చెప్పే ధైర్యం మాలో ఎవరికీ లేకపోయింది.

ఇదంతా మా కోడలికి చెబుతుండగానే కంప్యూటరులో ఆఖరి టిక్కు పచ్చబడింది. సంతకం పడిందని నేను చప్పట్లు కొట్టాను. తను నవ్వి, అవునత్తయ్యా అని ఇంకో ఫైలు తెరుచుకుంది. కాగితం ఎక్కడా ఆగకుండా, ఎవరి కొట్టూ మూయించకుండా క్షణంలో చేరిపోయింది, మంచిదే. కానీ నా చేయి అలవాటుగా ఫోను మీదకు పోయింది. గురజాల ఎరువుల కొట్టు ఎప్పుడో ఎత్తేశారు, సత్తెనపల్లి బాబాయి పోయి చానాళ్లయింది. ఎవరికి చెప్పాలో తోచక, సంతకం పడిందే అని మళ్లీ మా కోడలికే చెప్పాను.