పెనుకొండ మీదుగా నాయన మంచం దగ్గరికి

ఆ ఉదయం హిందూపురంలో మా ఇల్లు రోజూలాగే లేచింది. ఫజర్ నమాజు ముగించి, బొరుగులు నానబెట్టి, ఉగ్గానికి ఉల్లిగడ్డలు తరుగుతున్నాను. వీధి కొళాయికి నీళ్ళు వస్తే మా ఆయన బిందెలు పడుతున్నారు. మార్కెట్ వైపు చింతపండు బస్తాల లారీ ఒకటి మూలుగుతూ పోయింది. తాలింపు వేసేసరికి ధర్మవరం నుంచి ఫోన్. తమ్ముడు మస్తాన్.

“అక్కా, నాయనకు మళ్ళీ ఊపిరి అందలేదు. బెంగళూరుకు తీసుకుపోయి గొంతులో పైపు పెట్టించాల్నా, ఈడనే ఉంచుకోవాల్నా, సాయంత్రానికి చెప్పమంటాండాడు డాక్టరు. నాకేం తోచలేదు. నువ్వు రా.”

ఇది రెండు వేల నాలుగు ప్రాంతపు మాట. మేము దూదేకులవాళ్ళం. నాయన బతుకంతా దూది ఏకి పరుపులు కుట్టాడు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరింది. ఇక బాగుపడవని డాక్టరు ముందే చెప్పాడు. ఆ పైపుకు మిషను పెడితే కొన్నాళ్ళు ఊపిరి నిలుస్తుంది, తర్వాత దాన్ని తీయగలమో లేదో తెలియదు. పెట్టించకపోతే నాయనను మేమే వదిలేసినట్టా? అల్లా ముందు ఏం చెప్పుకోవాలి? నాకూ అదే భయం. చిన్నప్పుడు మాకు నమాజు నేర్పిన గురువు, హజరత్, పెనుకొండ దర్గా పక్కన ఉన్నారు. దారిలోనే కదా, అడిగి పోదామనుకున్నాను.

హిందూపురం బస్టాండులో పెనుకొండ బస్సు కోసం ఎక్కువసేపు నిలబడనక్కర్లేదు. గంట పైచిలుకు ప్రయాణం. ఊరి కంటే ముందు కొండ, దాని మీద పాత కోటగోడలు కనిపిస్తాయి. బస్సు దిగి దర్గా వైపు ఆటో అడిగాను.

“దర్గాకాక్కా? మొక్కుబడా?” అన్నాడు డ్రైవరు.

“కాదప్పా. ఒక మాట అడిగేకి పోతాండా.”

“అయితే ఐదు రూపాయలియ్యి. మొక్కుబడోళ్ళకే పది.”

నవ్వు రావలసిన రోజు కాదు. అయినా వచ్చింది.

దర్గాలో బొట్టు పెట్టుకున్న ఆడవాళ్ళూ బుర్ఖా వేసుకున్నవాళ్ళూ ఒకే వరుసలో కూర్చుని ఉన్నారు. మొదటిసారి వెళ్ళేవాళ్ళు పొద్దున్నే వెళితే రద్దీ లేని ఆ నెమ్మది దొరుకుతుంది. హజరత్ ఇల్లు ఆ పక్క సందులోనే. ఎనభై దాటిన మనిషి, నన్ను గొంతుతోనే గుర్తుపట్టారు. అంతా విన్నారు.

“మందు ఇప్పించేది మన పని తల్లీ, ప్రాణం నిలిపేది కాదు. బాగయ్యే దారుంటే ఎంత దూరమైనా పోండి. లేదని డాక్టరే అంటే, బాధ తగ్గేటట్టు చూడండి. అది పాపం కాదు,” అన్నారు. కొంచెం ఆగి, “మీ నాయనకు తెలివుండాదా?” అని అడిగారు.

“ఉండాది హజరత్.”

“మరి ఆయన్ను అడిగితిరా?”

అడగలేదు. రోగం సంగతి రోగి చెవిన పడకూడదని మా ఇళ్ళలో పట్టింపు. తలుపు బయటే గుసగుసలు, లోపలికి వెళ్ళి నవ్వు మొహాలు. నాయనతోనూ అలాగే నడిపాం.

పెనుకొండ నుంచి ధర్మవరానికి మరో గంటకు పైనే పడుతుంది. బస్సులో నా పక్కన ఒక నేతపని ఆమె కూర్చుంది. నా మొహం చూసి ఏమైందని అడిగింది, చెప్పాను.

“మా అత్త ఆసుపత్రే వద్దనింది. మగ్గం సప్పుడు ఇనపడే తావున పండుకోబెట్టండి అనింది. ఆమెను సూసేకొచ్చినోళ్ళంతా ఏమప్పా ఇంత మొండి మనసు, పక్కనే మగ్గం ఆడిస్తాండారే అని మమ్మల్ని తిట్టినారు.”

“ఆడించడం మానినారా?”

“యాడ మానేది? ఆపితే అత్త కండ్లు తెరిచి, ఎవురబ్బా పనెగ్గొట్టింది అని అడిగేది. ఆకరికి కిందకి దించి, నోట్లో తులసి నీళ్ళు పోసినాం. నెమ్మదిగా పోయింది.”

ఆ ఇంటివాళ్ళ ధైర్యం నాకు గొప్పగా అనిపించింది. మా నమ్మకం వేరు, వాళ్ళది వేరు. పోయే మనిషి మాట వినడం మాత్రం వాళ్ళకు ముందే తెలిసింది.

ఆసుపత్రికి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. నాయన దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. మస్తాన్ నా కొంగు లాగుతూనే ఉన్నాడు, వద్దక్కా అని. నేను పైపు సంగతంతా చెప్పేశాను. నాయన కాసేపు ఊపిరి కూడగట్టుకున్నాడు.

“ఆ పైపు పెడితే మాట్లాడేకి అవుతాదా?”

“కాదు నాయనా.”

“అయితే వద్దు. కలిమా చెప్పుకునేకి నోరుండాల నాకి.”

కలిమా అంటే అల్లా ఒక్కడేనని పలికే సాక్ష్యం. ముసల్మాను చివరి మాట అదే కావాలని కోరుకుంటాడు.

“దుడ్లకు చూసుకోని చంపినారంటారు నాయనా, ఊర్లో,” అన్నాడు మస్తాన్.

“నేను చెప్పినానని చెప్పు. ఆయాసానికి మాత్రం మందు ఇయ్యమను. తన్నుకులాడేది నాకిష్టం లేదు.”

ఏం చేయాలో అడగడానికి హజరత్ దగ్గరికి వెళ్ళినదాన్ని, ఎవరిని అడగాలో తెలుసుకుని వచ్చాను. ఇలాంటి దారిలో ఉన్నవాళ్ళకు నేను చెప్పగలిగేది ఒకటే. మనిషికి తెలివి ఉన్నప్పుడే, డాక్టరు ఎదురుగా, ఏం కావాలో ఆ మనిషినే అడగండి. ఆయాసం తగ్గించే మందులు ఇంటిదగ్గర ఇవ్వగలరా అని కూడా అప్పుడే అడగండి.

ఆ సాయంత్రం నాయన మంచం చుట్టూ కూర్చుని నిర్ణయించుకున్నాం. బెంగళూరు పోవడం లేదు. ఆక్సిజన్ సిలిండరు అద్దెకు తెచ్చి ఇంట్లో పెట్టాలి. సూది మందు వేయడానికి డాక్టరు ఇంటికి వస్తానన్నాడు. నాయన మనసు మారితే మేమూ మారాలి. ఇక చివరి ఘడియలో పక్కన కూర్చుని, బలవంతపెట్టకుండా, మెల్లగా కలిమా వినిపించేది ఎవరు? ఐదు పూటలా నమాజు చేసేదాన్ని నేనే కదా అని ముందుకు జరిగాను. నాయన తల అడ్డంగా ఊపి, గోడకు ఆనుకుని ఏడుస్తున్న మస్తాన్ వైపు చేయి చూపించాడు. చంపినామన్న దిగులు వాడికి మిగలకూడదని కాబోలు. సరేనన్నాం.