ఏ సంచి?

జబ్బు లేని సంచిని కోసి తీసేసి, జబ్బున్న సంచిని కడుపులోనే ఉంచి ఇంటికి పంపారు. ఆ కడుపు సూరమ్మది. కొల్లేటి లంకలో పుట్టి, కైకలూరు వైపు చెరువుగట్ల మీద చేపలు ఏరుతూ బతికిన మనిషి.

ముట్టు ఆగిపోయిన చాలా ఏళ్లకు ఆమెకు మూత్రంలో నెత్తురు పడింది. నొప్పి లేదు. మగ డాక్టరు ముందు మూత్రం మాట ఎత్తలేక, "ఎరుపు కనబడుతోందండీ" అంది తలవంచుకుని. ఎక్కడినుంచని ఆయన అడగలేదు, మూత్రపరీక్ష చేయించలేదు. గర్భసంచి తీసేశాడు.

నెత్తురు ఆగలేదు. "పచ్చి ఒళ్లు కదమ్మా, అదే తగ్గుద్ది" అని అక్కడ ప్రతిసారీ తిప్పి పంపారు. చివరికి కోడలు సత్యశ్రీ ఏలూరులో మరో ఆసుపత్రికి తీసుకెళ్లింది. అక్కడ సన్నటి గొట్టంతో లోపల చూసి, ముక్క తీసి పరీక్షకు పంపారు.

"సంచిలో క్యాన్సరుందమ్మా. కండలోకి దిగిపోయింది. సంచి తీసెయ్యాలి," అంది డాక్టరమ్మ.

సూరమ్మ నవ్వింది. "ఎవరి కాయితమో చూస్తున్నారండీ మీరు. నా సంచి ఎప్పుడో తీసేశారు."

"అది గర్భసంచమ్మా. ఇది మూత్రసంచి."

నవ్వు ఆగిపోయింది. "ఏవే సత్యా, నాలో ఇంకా ఎన్ని సంచులున్నాయే?"

చేపలు పట్టే వెదురు బుట్టలో, మావులో, దూరిన చేపకు వచ్చిన దారి మళ్లీ దొరకదని ఆమెకు చిన్నప్పటినుంచీ తెలుసు.

మొదట కత్తి పట్టిన డాక్టరు గారూ! మీరు తీసిన ఆ గర్భసంచిని పరీక్షకు పంపారా? పంపితే, అందులో ఏ జబ్బు కనబడిందో ఆ కాగితం సూరమ్మ చేతికివ్వండి. పంపకపోతే, ఎందుకు కోశారో ఆమె ఎదుట నిలబడి చెప్పండి.