పర్వాలేదన్న పాదం

ఉద్యోగ విరమణకి రెండు శీతాకాలాల ముందు, నవంబరు నెలలో, మా షాపులో నన్ను హార్డ్ బూట్ల విభాగానికి మార్చారు. కాలిఫోర్నియాలో టాహో సరస్సుకి వెళ్ళే కొండదారిలో, మంచు ఆటల సామాను అమ్మే షాపు అది. నా హోదా సీనియర్ బూట్ ఫిట్టర్. ఈ వృత్తిలో జూనియర్ పాదం కొలవవచ్చు, బూటు తొడగవచ్చు. బూటుని వేడిచేసి ఆకారం మార్చే అధికారం మాత్రం సీనియర్‌కే ఉంటుంది. మద్రాసులో పాదరక్షల తయారీ చదువుకుని వచ్చినదాన్ని కాబట్టి నాకు ఆ హోదా కొంచెం తొందరగానే దక్కింది. మా బంధువులు ఎవరైనా అడిగితే ఫుట్‌వేర్ ఇండస్ట్రీ అని చెప్పేదాన్ని. వాళ్ళు "చెప్పుల కొట్టా?" అనేవారు. వాళ్ళు అన్నది తప్పని కూడా అనలేను.

హార్డ్ బూట్ల సంగతి కొంచెం చెప్పాలి. మంచు వాలు మీద స్నోబోర్డు తొక్కేవాళ్ళలో ఎక్కువమంది మెత్తటి బూట్లే వేసుకుంటారు. ఆల్పైన్ పద్ధతివాళ్ళు వేరు. వాళ్ళ బోర్డు సన్నగా, పొడుగ్గా ఉంటుంది. దాన్ని అంచు మీద నిలబెట్టి, ఒళ్ళు మంచుకి తగిలేటంత వాలిపోయి మలుపులు తిరుగుతారు. అందుకు ప్లాస్టిక్ బూట్లు కావాలి. బయటి గట్టి తొడుగుని షెల్ అంటాం, లోపలి మెత్తటి మేజోడు లాంటిదాన్ని లైనర్ అంటాం. పైన బిగించడానికి బకుల్స్ ఉంటాయి. కాలు ఎటు కదిలితే బోర్డు అటు కదలాలి. మధ్యలో ఏ మాత్రం ఖాళీ ఉన్నా బోర్డుకి కబురు ఆలస్యంగా అందుతుంది.

ఒక శనివారం సన్నీవేల్ నుంచి సుధాకర్ గారనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ఆయన కూతురు మేఘన వచ్చారు. ఆ అమ్మాయి కాలేజీ జట్టు తరఫున ఆల్పైన్ పోటీల్లో దిగుతుంది. ఆయన నా బ్యాడ్జి మీద పేరు చదివి, "తెలుగువాళ్ళా అండీ!" అన్నారు. బూట్ల మాట ఎత్తకముందే మాది తెనాలి అనీ, వారి తోడల్లుడిదీ తెనాలే అనీ తేలిపోయింది. మేఘన ఓపిగ్గా నిలబడింది. ఇలాంటివి చాలా చూసినట్టే ఉంది.

తరువాత ఆయన విషయం చెప్పారు. గడిచిన సీజన్‌లో అమ్మాయికి వేళ్ళు తిమ్మిరెక్కడం మొదలైంది. ఒకసారి మర్నాటిదాకా స్పర్శ తెలియలేదు. నరం దెబ్బతినే ప్రమాదం ఉందని డాక్టర్ హెచ్చరించారు. జనవరిలో పెద్ద పోటీ ఉంది. "కొత్త బూట్లు కొంటానండీ, కాదనను. కానీ వీటితో కూడా నొప్పి అందనుకోండి, ఇక బోర్డు అమ్మేయడమే. నాకు దాని కాళ్ళు ముఖ్యం, రేస్ కాదు," అన్నారు. తండ్రిగా అది న్యాయమైన మాటే. వచ్చిన చిక్కల్లా ఆ మాట అమ్మాయి ఎదురుగా అనడమే. ఆ క్షణం నుంచి మేఘనకి ఏ నొప్పీ లేదు.

పాత బూట్లు తెప్పించి చూశాను. లైనర్ తీసేసి, ఉట్టి షెల్‌లో కాలు పెట్టించి, వేళ్ళు ముందుకి ఆనించమన్నాను. మడమ వెనక రెండు వేళ్ళు పట్టేంత చోటుంటే సరిపోతుంది. మేఘన మడమ వెనక నా గుప్పెడు పట్టింది. ఇదేమిటండీ అని అడిగాను. నొప్పి అన్నప్పుడల్లా ఒక సైజు పెంచుతూ వచ్చామని సుధాకర్ గారు చెప్పారు. దానికి తోడు కాలు పెరుగుతుంది కదా అని మొదటి జత కూడా పెద్దదే కొన్నారట. మనందరం స్కూలు బూట్ల ముందుభాగంలో దూది కుక్కుకుని పెరిగినవాళ్ళమే కాబట్టి నాకు ఆశ్చర్యం వెయ్యలేదు.

జరిగిందేమిటంటే, బూటు వదులైతే కాలు లోపల జారుతుంది. జారకుండా అమ్మాయి బకుల్స్ బిగించేస్తుంది. బిగిస్తే పాదం పైనుండే నరం నలిగి వేళ్ళు మొద్దుబారతాయి. ఇంట్లో చెబితే నాన్న ఇంకా పెద్దవి కొంటారు. పైగా బోర్డు మీద ఏటవాలుగా నిలబడతారు కాబట్టి, బూటు పొడుగైతే దాని కొసలు బోర్డు అంచు దాటి బయటికొస్తాయి. బోర్డుని వాల్చినప్పుడు బూటు మంచులో గీసుకుని మనిషిని ఎత్తి పడేస్తుంది. ప్రేమకొద్దీ కొన్న బూట్లలో ఇంత ప్రమాదం ఉందని ఆయనకి ఎలా తెలుస్తుంది?

సరైన సైజు తొడిగించాను. నిలబడితే వేళ్ళు ముందు ఆనాలి, మోకాళ్ళు వంచితే వెనక్కి రావాలి. పొడవు కుదిరింది. కానీ అమ్మాయి పాదం వెడల్పు. ఎక్కడో ఒకచోట షెల్ ఎముకని నొక్కి తీరుతుంది. ఆ చోటు తెలిస్తే అక్కడ ప్లాస్టిక్‌ని వేడిచేసి బయటికి సాగదీస్తాను. తెలియకపోతే నేను చేయగలిగింది ఏమీ లేదు.

"ఎలా ఉందమ్మా?" అని అడిగాను.

"పర్వాలేదు ఆంటీ."

ఇంకో బకుల్ బిగించి అడిగినా పర్వాలేదు. వంగమని అడిగినా పర్వాలేదు. ఇంగ్లీషులో అడిగి చూశాను. నాన్న వైపు ఓసారి చూసి "ఇట్స్ ఫైన్" అంది. అమెరికన్ కస్టమర్లు బూటులో కాలు పెట్టీ పెట్టగానే తిట్టేవారు. వాళ్ళతో నాకు పని తేలిక. మన పర్వాలేదుతోనే కష్టం. బాగుందన్నా ఆ మాటే, ప్రాణం పోతోంది కానీ మీరు శ్రమపడకండి అన్నా ఆ మాటే. నాకు విసుగొచ్చింది, జాలీ వేసింది. పెదవి కొరుక్కుంటూ నిలబడింది పిల్ల.

సుధాకర్ గారికి మాత్రం వేరే అనుమానం వచ్చింది. "ఇంత టైటా అండీ? ఒక సైజు పెద్దది చూపించండి, రెండు జతల సాక్స్ వేసుకుంటుంది," అన్నారు. సరైన సైజు ఎలా ఉంటుందో ఒకసారి మీరే చూడండని చెప్పి, ఆయన్ని కూర్చోబెట్టి, ఆయన కొలతకి తగ్గ బూటు తెచ్చి తొడిగాను. కూతురి వెడల్పు పాదం ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది. బకుల్స్ అన్నీ పెట్టి లేవమన్నాను.

"ఎలా ఉందండీ?"

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నుదుట చెమట పట్టింది. బల్ల అంచు గట్టిగా పట్టుకున్నారు. "పర్వాలేదండీ," అన్నారు.

మేఘన నవ్వేసింది. "నాన్నా, నీ ఫేస్ చూసుకో! దట్స్ నాట్ పర్వాలేదు."

"లేదమ్మా, నిజంగానే... ఆవిడ అంత కష్టపడి తొడిగారు కదా," అన్నారాయన.

అమ్మాయి ఇంకాసేపు నవ్వింది. తరువాత నేల వైపు చూస్తూ, "నేను కూడా అంతే, నాన్నా," అంది.

ఆయన మళ్ళీ కూర్చున్నారు. బకుల్స్ విప్పమని నాకు సైగ చేశారు. కాలు బయటికి తీసుకుని చాలాసేపు రుద్దుకున్నారు. రుద్దుకుంటూనే కూతుర్ని అడిగారు:

"ఎక్కడమ్మా?"

మేఘన వంగి, ఎడమ బూటు మీద, చిటికెన వేలికి కాస్త వెనకగా వేలు పెట్టింది. నేను అక్కడ గుర్తు పెట్టాను. తరువాత కుడి బూటు మీద కూడా చూపించింది. అక్కడా పెట్టాను. అది చూసి ఆయన, "నొప్పి ఉందని చెబితే మాన్పించను. చెప్పకపోతే మాన్పిస్తా," అన్నారు. ఇంతకుముందు పెట్టిన షరతుకి ఇది పూర్తిగా తలకిందులు. ఆయన మొహం చూస్తే ఆ సంగతి ఆయనకీ తెలిసినట్టే ఉంది. అమ్మాయి తలూపింది. నాకు వాళ్ళిద్దరి మీదా ఇష్టం కలిగింది. పనిలో ఉన్నాను కాబట్టి పైకి చెప్పలేదు.

షెల్‌ని వేడిచేసి, గుర్తు పెట్టిన చోట లోపలినుంచి మరతో నొక్కి, చల్లారేదాకా ఆ మర తీయకుండా ఉంచాను. తొందరపడి తీస్తే ప్లాస్టిక్ పాత ఆకారానికి వెళ్ళిపోతుంది. మళ్ళీ తొడిగించి, ఈసారి నొప్పి ఎక్కడుందని అడిగాను. మేఘన నాలుగడుగులు వేసి చూసింది. అటూ ఇటూ వంగింది, ఒంటికాలి మీద నిలబడింది, బాగా వెతికి, "ఎక్కడా లేదు ఆంటీ," అంది.

జనవరి పోటీ అయ్యాక సుధాకర్ గారు మెసేజ్ పెట్టారు. ఎన్నో స్థానం వచ్చిందో అందులో రాయలేదు. వేళ్ళు పదీ బాగున్నాయని రాశారు.

ఆ తరువాత ఉద్యోగం మానేదాకా, బూటు తొడిగించి ఎలా ఉంది అని నేను ఏ తెలుగువాళ్ళనీ అడగలేదు. ఎక్కడ అని అడిగేదాన్ని. దానికి పర్వాలేదు అని జవాబు చెప్పడం కుదరదు.