బస్సుకు ముఖం పెట్టిన కొట్లు

మా కాలనీ గుంటూరుకు ఒక కొసన ఉంది. ఇక్కడికి టౌన్ బస్సు ముందు వచ్చింది, ఇళ్లు దాని వెనకాల వచ్చాయి. మూతబడిన పత్తి జిన్నింగు మిల్లు పక్కన చదును నేల ఉండేది. బస్సు అక్కడిదాకా వచ్చి, ఒక చుట్టు తిరిగి, కాసేపు ఆగి వెళ్లేది. ఆ చదును చుట్టూ కొట్లు లేచాయి. అన్నీ బస్సు వైపే ముఖం పెట్టుకున్నాయి. వెనక ఉన్నది మట్టిబాట, దానిమీద పత్తి బళ్లు తప్ప ఏవీ పోయేవి కావు. అందుకని అందరూ దానికి వీపు పెట్టారు. బస్సు ఎక్కడికి పోతుందిలే అనుకున్నారు.

నేను కాపురానికి వచ్చేసరికి మా అత్త జాకెట్టు ముక్కలు, రిబ్బన్లు, చీరల ఫాల్సు అమ్ముతుండేది. ముందు కొట్టు, వెనక ఒక్క గది. వంటా పడకా ఆ గదిలోనే. సాయంత్రం బస్సు నిండా మిరపకాయల తొడిమలు తీసి వచ్చే ఆడవాళ్లే. వాళ్లు దిగుతుంటే కండక్టరుతో సహా అందరం తుమ్మేవాళ్లం. ఆ చేతులతో ముట్టుకుంటే గుడ్డకు ఘాటు అంటుతుందని మిగతా కొట్లలో వాళ్లను దూరంగా నిలబెట్టేవాళ్లు. కావలసింది వేలితో చూపించమనేవాళ్లు. మా అత్త మాత్రం గుమ్మం దగ్గర బేసిన్లో పలుచని మజ్జిగ పెట్టేది.

"చేతులు ముంచి కాసేపు కూర్చోవే. గుడ్డ ముట్టుకోకుండా ఎవరన్నా కొంటారటే?" అనేది.

"కొనకపోతే మజ్జిగకి డబ్బులడుగుతావా అత్తా?" అని ఒకామె ఎకసెక్కెం.

"తాగితే అడుగుతా. తాగు చూద్దాం!"

మంట చల్లారేదాకా కూర్చునేవాళ్లు. కూర్చున్నవాళ్లు ఊరికే లేచిపోరు కదా, ఏదో ఒకటి కొనేవాళ్లు. అత్త పోయాక, ఆ తర్వాత మా ఆయన పోయాక కూడా, నేను ఆ బేసిన్ పెట్టడం మానలేదు.

తర్వాత మిరపకాయల గోదాములవాళ్లు ఆడవాళ్లకు ఆటోలు పెట్టారు. ఆటో ఇంటి ముందే దించుతుంది. బస్సులో మనుషులు పలచబడ్డారు. యాభై దాటాక నేను చర్చి హాల్లో సాయంకాలం బడికి పోయి అక్షరాలు నేర్చుకున్నాను. బస్సు నుదుటిమీద మా కాలనీ పేరు కూడబలుక్కుని చదివేనాటికి లోపల నలుగురైనా ఉండేవాళ్లు కారు. కొన్నాళ్లకు బస్సు తీసేశారు. వెనక మట్టిబాటను వెడల్పు చేసి తారు పోశారు. కొట్లవాళ్లు ఒక్కొక్కరే వెనక గోడ పగలగొట్టి రోడ్డువైపు తిరిగారు.

మా పక్కన గాజుల కొట్టు సాయిబుగారిది. బాబాయ్ అని పిలుస్తాను.

"ఏమ్మా, ఇంకా ఆ ఖాళీ నేలకేసి చూస్తా కూర్చున్నావు? కుక్కలకి జాకెట్లు కుట్టిస్తావా?" అన్నాడు.

"నీ కొట్టు వెనక ఉంది సరుకు గోదాము బాబాయ్. నా వెనక ఇల్లు."

"ఇల్లు ముందుకి జరుపుకో. నువ్వు అన్నం వండేది రోడ్డుకి కనపడాలా ఏంటి?"

తిప్పితే ఉన్న గది పోతుంది. తిప్పకపోతే కొట్టు పోతుంది, నాకు మరో ఆధారం లేదు. గోడ పగలగొట్టించాను. గుడ్డలు గదిలోకి, పొయ్యి గుడ్డలున్న చోటికి మారాయి.

అయినా తిప్పలు తీరలేదు. రోడ్డుమీద రోడ్డు వేసి ఎత్తు చేశారు, కొట్టు గోతిలో పడ్డట్టయింది. ఎవరూ దిగరు. బండిమీద కూర్చునే, "ఆంటీ, చిలకపచ్చ ఫాల్ ఉందా?" అని కేకేస్తారు. పట్టుకుని పైకెక్కుతాను. "ఇంకాస్త లేతది లేదా?" అంటారు. మళ్లీ దిగుతాను. లేతది తెచ్చేసరికి ఒక్కోసారి బండి ఉండదు. పొద్దుగూకేసరికి మోకాళ్లు మాట వినవు.

పోయిన వారం మేస్త్రి వచ్చి చూశాడు. "మార్టూరు గ్రానైటు రాతిముక్కలు పోసి నేల లేపుదామమ్మా. రోడ్డుకి సమంగా ఉంటే లోపలికొస్తారు. కాకపోతే గోడలు కూడా లేపాలి, లేకపోతే పైకప్పు రేకు తలకి తగులుద్ది."

"గోడలు నావల్ల కాదు. నేలే లేపు."

"మరి నిలబడేదెట్టా?"

"నిలబడను. కూర్చుని అమ్ముతా."

"ఎండాకాలం ఆ రేకుల కింద మాడిపోతావు."

"ఎక్కీ దిగీ ఎట్టాగూ మాడుతున్నాగా. పోసెయ్."

ఇవాళ గుడ్డల మూటలు ఇవతల మంచంమీదికి చేర్చాను. పడుకోవడానికి చోటు మిగల్లేదు. గుమ్మంలో కూర్చున్నాను. లోపల మేస్త్రి మొదటి గంప రాయి కుమ్మరించాడు.