మావయ్య కాఫీ వద్దన్న రోజు

కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో మనిషికి ఒక రకం పొగరుంటుంది. నాకు కాస్త ఎక్కువే ఉండేది. నరసాపురం దగ్గర రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్షించే ల్యాబులో పని. తెల్లవారుతుండగానే చెరువు గట్ల వెంట తిరిగి, సీసాల్లో నీళ్ళు పట్టి, వాటి మంచిచెడ్డలు రైతులకి చెప్పాలి. బస్సులు తిరగని చోట్లు కాబట్టి సొంత బండి ఉండాలన్నది ఆ ఉద్యోగానికి మొదటి షరతు. అందుకని ఎవరో వాడిన చిన్న తెల్ల కారు కొనుక్కున్నాను. నీళ్ళలో అమ్మోనియా ఎంతుందో రంగు చూసి చెప్పేసేదాన్ని గానీ, నా కారులో ఇంజనాయిలు ఎక్కడ పోస్తారో నాకు తెలియదు. (పెట్రోలు ఎక్కడ పోస్తారో తెలుసు. అదీ బంకువాళ్ళు పోస్తుంటే చూసి.)

మా ఇల్లు కొవ్వూరులో. ఒక గురువారం సెలవు పెట్టి ఇంటికొచ్చి, పనిలో పనిగా కారుని గోదావరి అవతల రాజమండ్రి షోరూములో సర్వీసింగుకి ఇచ్చాను. సాయంత్రానికి కడిగి, తుడిచి, లోపల మల్లెపూల సెంటు కొట్టి మరీ అప్పగించారు. పెళ్ళికూతురిలా ఉందని మురిసిపోతూ రోడ్డు కం రైలు వంతెన ఎక్కాను. సగం దూరమైనా రాలేదు, స్టీరింగు వెనకాల ఎర్రగా ఒక దీపం బొమ్మ వెలిగింది. ఇన్నాళ్ళూ వెలగని దీపం ఇవాళ వెలిగిందంటే సర్వీసింగులో అది కూడా బాగుచేసి ఉంటారనుకున్నాను. నవ్వకండి, నిజంగానే అనుకున్నాను. ఆ తర్వాత ఇంజనులోంచి ఎవరో రోకలితో దంచుతున్నట్టు చప్పుడు మొదలైంది. అప్పుడు భయం వేసింది. కానీ ఆ వంతెన మీద ఆపడానికి చోటేదీ? వెనక ఇసుక లారీ హారను మీద నుంచి చెయ్యి తియ్యడం లేదు, ఎదురుగా బస్సు, పక్కన రెయిలింగు, దాని కింద గోదావరి. ఇంకొంచెం, ఇంకొంచెం అని బతిమాలుకుంటూ నడిపాను. కారు ఒక్కసారి మూలిగి ఆగిపోయింది. ఎవరో పుణ్యాత్ముడు తన ట్రాక్టరుకి తాడు కట్టి ఒడ్డుకి లాగాడు.

మర్నాడు కారుని షోరూముకి చేర్చాను. అక్కడి మేనేజరుకి నేను పెట్టుకున్న పేరు నవ్వులాయన. ముప్పై రెండు పళ్ళూ కనిపించేలా తప్ప ఆయనకి మాట్లాడటం రాదు. ఆ నవ్వుతోనే చెప్పాడు: "ఆయిలంతా కారిపోయిందండి. ఇంజన్ సీజైపోయింది, అంటే లోపల పట్టేసి బిగుసుకుపోయింది మేడమ్. కింద ఆయిలు వదిలే చోట బిగించే డ్రెయిన్ బోల్టు లేదండి."

"నిన్న మీరే కదండీ ఆయిలు మార్చింది? మీరు సరిగ్గా బిగించలేదేమో!"

"అయ్యో, మావాళ్ళు బిగించారండి. దారిలో రాయేదైనా తగిలి ఊడిపోయుంటుందండి. అయినా మేడమ్, ఎర్ర లైటు వెలిగాక కూడా నడిపారు కదండీ? అప్పుడే ఆపేసుంటే ఇంత నష్టం ఉండేది కాదు కదండీ. అది కస్టమరు పొరపాటు కిందకి వస్తుందండి."

ప్రతి మాట చివరా అండీ తగిలించి మరీ నన్ను ముంచేస్తున్నాడు. నేను గొంతు పెంచాను. ఆయన నవ్వు పెంచాడు. "కాఫీ తీసుకోండి మేడమ్" అని కప్పు చేతిలో పెట్టాడు. ఏడుపు మింగుకుంటూ ఆ కాఫీ తాగేశాను. తాగాక ఇంకేం అరుస్తాం? మా గోదావరి వైపు ఒకళ్ళ చేతి కాఫీ తాగి వెంటనే వాళ్ళ మీద విరుచుకుపడటానికి నోరు రాదు. ఈలోగా మా ల్యాబు యజమాని ఫోను. "సోమవారం తెల్లారేసరికి చెరువుల దగ్గరుండాలమ్మా. లేదంటే ఇంకో అమ్మాయిని చూసుకుంటాం. రొయ్యలు నీ కారు కోసం ఆగవు కదా!"

ఆ ఉద్యోగం పోతే ఇంట్లో ఏం జరుగుతుందో నాకు తెలుసు. "ఆడపిల్లకి గట్ల వెంట తిరిగే పనేంటి, దగ్గర్లో ఏ స్కూల్లోనో చేరొచ్చుగా" అన్న పాట మళ్ళీ మొదలవుతుంది. ఆ పాటకి ఈసారి నా దగ్గర జవాబు ఉండదు. ఆ రాత్రి అమ్మకి అంతా చెప్పాను.

అమ్మ ఒకటే మాట అంది. "మీ మావయ్యని తీసుకెళ్ళు."

మావయ్య అంటే అమ్మకి అన్నయ్య. ధవళేశ్వరంలో కాలవల ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. ఆరడుగుల మనిషి, పెదవుల్ని కప్పేసే మీసం, తక్కువ మాట. మా చుట్టాల్లో గట్టు తగాదా వచ్చినా, అద్దె తగాదా వచ్చినా పక్కన కూర్చోబెట్టుకోవడానికి మావయ్యే కావాలి. ఆయన ఎవరినైనా తిట్టగా చూసినవాళ్ళు లేరు. అంత అవసరం రాలేదని అందరి నమ్మకం.

శనివారం పొద్దున్నే మావయ్య ఇస్త్రీ చొక్కాతో దిగాడు. షోరూములో అడుగుపెట్టగానే నవ్వులాయన ఎదురొచ్చాడు. "రండి, రండి, కూర్చోండి. కాఫీ చెప్పమంటారాండి?"

మావయ్య కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ళ మీద బిగించి పెట్టుకున్నాడు. "వద్దండి" అన్నాడు.

"పోనీ టీ?"

"వద్దండి."

"ఎండన పడి వచ్చారు, మంచినీళ్ళైనా..."

"వద్దండి. అమ్మాయి కారు సంగతి చెప్పండి."

నవ్వులాయన నవ్వు మొదటిసారి ఒక పక్కకి ఒరిగింది. రాయి కథ చెప్పాడు, ఎర్ర దీపం కథ చెప్పాడు. మావయ్య ఆయన ముఖంలోకి చూస్తూ అంతా విని, ఏమీ అనలేదు. లేవనూ లేదు. నాకు లోపల ఉడికిపోతోంది. అరవమని మోచేత్తో పొడిచాను. కదలడే! గంట గడిచింది. మజ్జిగ వచ్చింది, వద్దండి. ఇడ్లీ వచ్చింది, వద్దండి. మా వైపు, అన్నం పెట్టనివాళ్ళ మీదైనా కోపం తగ్గుతుందేమో గానీ, మా ఇంట్లో మంచినీళ్ళు ముట్టనివాళ్ళని చూస్తే మాత్రం ఒళ్ళు జలదరిస్తుంది. అది శాపం పెట్టినంత లెక్క. రిసెప్షన్లో అమ్మాయి మావైపు చూడటం మానేసింది. పక్క సోఫాలో పెదనాన్న వయసు రైతు ఒకాయన నా చెవి దగ్గరకి వంగాడు.

"ఏంటమ్మా, పెద్దాయన పొద్దున్నుంచీ మంచినీళ్ళు కూడా పుచ్చుకోవట్లేదు? ఏం జరిగిందేంటి?"

చెప్పాను. ఆయన తన చేతిలో సగం తాగిన కాఫీని ఒకసారి చూసి, కింద పెట్టేశాడు. ఆయన కొత్త కారు కొనడానికి వచ్చాడట. "ముందు ఆ సంగతి తేల్చండి, నాది తర్వాత చూద్దాం" అని నవ్వులాయనతో గట్టిగానే అన్నాడు.

భోజనాల వేళకి షోరూము యజమానికి కబురు వెళ్ళింది. పంచె కట్టుకున్న ముసలాయన, భోజనం మీద నుంచి లేచొచ్చినట్టున్నాడు. తిన్నగా వచ్చి మావయ్య పక్కన కూర్చున్నాడు.

"ఏంటండీ ఇది? మా దగ్గర పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టనంత తప్పు ఏం చేశామండీ?"

"అదే తెలుసుకుందామని కూర్చున్నానండి" అన్నాడు మావయ్య.

ముసలాయన లేచి, కారుని పైకి ఎత్తించమన్నాడు. నిజంగా రాయే తగిలి ఉంటే? ఆయన పంచె ఎగ్గట్టి కారు కిందకి వెళ్ళి, ఆయిలు నిండే గిన్నెలాంటి భాగాన్ని అరచేత్తో అంతా తడిమాడు. గీత లేదు, సొట్ట లేదు. బోల్టు ఉండాల్సిన కన్నం మాత్రం నోరు తెరుచుకుని ఉంది. బయటికి వచ్చి మేనేజరుని చూశాడు.

"బోల్టు ఊడిపోయేంత రాయి తగిలితే చిన్న గీతైనా పడదేంటయ్యా? బిగించలేదని చెప్పడానికి నోరు రాలేదా?"

నవ్వులాయన పెదాలు కలవడం ఆ రోజే చూశాను.

"ఎర్ర లైటు వెలిగాక..." అని ఏదో గొణిగాడు.

"ఆ వంతెన మీద ఎక్కడ ఆపుతుందయ్యా ఆడపిల్ల? నువ్వు ఆపగలవా?" అన్నాడు యజమాని. తర్వాత మావైపు తిరిగి, ఇంజను పూర్తిగా తామే బాగుచేయించి ఇస్తామనీ, అయ్యేదాకా తిరగడానికి తమ కారొకటి తీసుకెళ్ళమనీ చెప్పాడు. సోమవారానికి నా ఉద్యోగం మిగిలింది. అక్కడే ఏడ్చేశాను, సిగ్గు లేకుండా.

"ఇప్పుడైనా కాఫీ తీసుకోండి" అని యజమాని స్వయంగా అందించాడు. మావయ్య పుచ్చుకున్నాడు. సాసరు మీద కప్పు టకటకలాడింది. కోపం ఇంకా దిగలేదు కాబోలు అనుకుని గర్వపడ్డాను.

వాళ్ళ కారులో తిరిగొస్తూ వంతెన ఎక్కాక అన్నాను. "ఒక్క మాట కూడా తిట్టకుండా ఎలా సాధించావు మావయ్యా! కాఫీ వద్దనాలని ఎలా తోచింది నీకు?"

మావయ్య కిటికీలోంచి గోదావరి వైపు చూపు తిప్పుకున్నాడు. "తోచడం కాదే పిచ్చిదానా. నాకు గొడవలంటే చచ్చేంత భయం. ఎదుటి మనిషి గొంతు లేస్తే చేతులు వణుకుతాయి. కప్పు పట్టుకుంటే తెలిసిపోతుందని వద్దన్నాను. పొద్దున్నుంచీ దాహంతో నాలిక పిడచకట్టుకుపోయింది."

"మరి రానని చెప్పొచ్చు కదా!"

"చెప్పొచ్చు. నీ ఉద్యోగం పోతే?" అన్నాడు. "మీ అమ్మతో అనకు."

అనలేదు. చుట్టాల్లో ఎవరికీ అనలేదు. ఆయన్ని ఇంకా తగాదాలకి పిలుస్తూనే ఉన్నారు, ఆయన చొక్కా ఇస్త్రీ చేసుకుని వెళ్తూనే ఉన్నాడు. ఇప్పుడు అదే ల్యాబు నా చేతి కింద నడుస్తోంది. ఈ మధ్య మా దగ్గర కొత్తగా చేరిన అమ్మాయిని ఒక చెరువు యజమాని నానా మాటలూ అన్నాడంటే, అడగడానికి నేనే వెళ్ళాల్సొచ్చింది. వేళ్ళు వణుకుతుంటే బ్యాగుని ఒళ్ళో గట్టిగా పట్టుకుని, మాటలు కూడదీసుకుని ఎలాగో గట్టిగానే అడిగాను. తిరిగొచ్చేటప్పుడు ఆ పిల్ల కారులో నా పక్కన కూర్చుని, "మీకు అస్సలు భయం లేదు మేడమ్" అంది. ఆ వంతెన మీద మావయ్య పక్కన గర్వంగా కూర్చున్న పొగరుబోతు పిల్ల గొంతే నాకు వినిపించింది. ఎంత ముద్దొచ్చిందో! నిజం చెబుదామని నోటిదాకా వచ్చింది గానీ, ఆ పిల్ల మర్నాడు మళ్ళీ అదే గట్టు మీదకి వెళ్ళాలి. నవ్వి ఊరుకున్నాను.